కాలు మాట వినే చోటికి: చలికాలం గంజాంలో గడపడం ఎలా?

నా ఎడమ కాలికి పోలియో. రెండో ఏట వచ్చింది. పుట్టి పెరిగింది ఒడిశాలోని గంజాం జిల్లా పొలసరలో, ఉద్యోగం చేసింది ఢిల్లీలో. నలభై అయిదేళ్లు దాటేదాకా కాలికి ఊతంగా ఇనుప క్యాలిపర్ తొడుక్కుని, బస్సులు ఎక్కి దిగుతూ తిరిగినవాణ్ని. ఆ తర్వాత ప్రతి జనవరీ నన్ను కాస్త కాస్త కుదించింది. పొద్దున్న మంచం దిగేసరికి మోకాలి కింద కాలు నీలంగా, రాతిలా చల్లగా ఉండేది. పట్టీ బిగించుకుందామంటే వేళ్లు వంగేవి కావు. మధ్యాహ్నం దాటితేగాని ఒంట్లోకి మనిషి వచ్చేవాడు కాదు. రెండు నెలలు అలా ఇంట్లో కూర్చుని మార్చిలో లేస్తే, బాగున్న కుడి కాలిలో కూడా సత్తువ తగ్గి ఉండేది. వయసు మీద పడుతోందన్నారు మావాళ్లు. వయసు సంగతి ఎలా ఉన్నా, కూర్చోవడం చేసిన నష్టం ఎక్కువ.

ఇప్పుడు నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పొలసరలో ఉంటున్నాను. ఇలా వెచ్చని చోటికి మారాలని ఆలోచిస్తున్నవాళ్ల కోసం, ఏ పని తర్వాత ఏ పని చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. మీరు ఢిల్లీలో ఉండవచ్చు, చికాగోలో ఉండవచ్చు, మా పక్కనే కొండ మీద దరింగ్‌బాడిలో ఉండవచ్చు. దరింగ్‌బాడి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. కొండ దిగి గంజాం మైదానానికి వస్తే లోకమే వేరు. చలి తప్పించుకోవడానికి అందరూ దేశాలు దాటక్కర్లేదు, కొందరికి ఘాటీ రోడ్డు దిగితే చాలు.

మొదట ఒక నోటుపుస్తకం కొనండి

ఇల్లు వెతకడం, టిక్కెట్లు కొనడం తర్వాత. ముందు మీరున్న చోటే ఒక చలికాలం ఆరు వారాలపాటు రోజూ నాలుగు సంగతులు రాయండి: పొద్దున్న ఎంత చలి ఉంది, మంచం దిగి నిలబడటానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఆ రోజు ఎన్నిసార్లు గడప దాటారు, రాత్రి నొప్పి ఎలా ఉంది. ఈ నాలుగింటిలో మూడోది ముఖ్యం. నొప్పి ఉన్నా గడప దాటిన రోజు మంచి రోజే. నొప్పి లేకపోయినా దాటని రోజును లెక్కలో వేసుకోవాలి.

ఆరు వారాలయ్యాక చూడండి. ఎండ బాగా కాసిన రోజుల్లో కూడా మీరు బయటికి వెళ్లలేదని తేలితే, అడ్డు చలి కాదు. రెండో అంతస్తు మెట్లు కావచ్చు, తోడు వచ్చే మనిషి లేకపోవడం కావచ్చు, మనసు బాగోలేకపోవడం కావచ్చు. ఆ అడ్డు మీతోపాటే రైలెక్కి వెచ్చని ఊరికి కూడా వస్తుంది. దాన్ని ముందు మీరున్న ఊళ్లోనే తేల్చుకోవాలి.

తర్వాత డాక్టరుగారిని ఒకే ప్రశ్న అడగండి

"నా ఒంటికి చలి ఎక్కువ ప్రమాదమా, వేడి ఎక్కువ ప్రమాదమా?" వైకల్యం అంటే అన్నీ ఒకటి కావు కాబట్టి ఈ ప్రశ్న తప్పనిసరి.

పోలియో వచ్చిన కాలిలో కండ తక్కువ, రక్తనాళాలు చలికి సరిగా స్పందించవు. అందుకే కాలు చల్లబడుతుంది, చల్లబడితే ఉన్న బలం కూడా తగ్గుతుంది. పోలియో వచ్చి తగ్గిన ఎన్నో ఏళ్లకు మళ్లీ కొత్తగా నీరసం, నొప్పి మొదలయ్యే స్థితి ఒకటుంది. పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. చలికి తట్టుకోలేకపోవడం అందులో మామూలు లక్షణం. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. కొత్త పిల్లలకు రావడం లేదు, అదెంతో సంతోషం. కానీ పాత పిల్లలం మేమంతా ఇప్పుడు పెద్దవాళ్లమవుతున్నాం. మమ్మల్ని చూసిన అనుభవం ఉన్న కుర్ర డాక్టర్లు తగ్గిపోతున్నారు. కాబట్టి మీ సంగతి మీరే వివరంగా చెప్పాలి.

పక్షవాతం తర్వాత, సెరిబ్రల్ పాల్సీలో కండరాలు బిగుసుకునేవాళ్లలో చాలామందికి చలిలో ఆ బిగువు పెరుగుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లు చలికి నొప్పి ఎక్కువంటారు. ఈ విషయంలో పరిశోధనలు ఒకే మాట చెప్పలేదు. మీ నోటుపుస్తకం ఏం చెబుతోందో దాన్నే నమ్మండి.

వీటికి పూర్తిగా వ్యతిరేకంగా, వేడికి ముదిరే జబ్బులున్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకు ఒంటి వేడి కొద్దిగా పెరిగినా చూపు మసకబారడం, కాళ్లు తేలిపోవడం జరుగుతుంది. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు ఆ కింద చెమట సరిగా పట్టదు, ఒళ్లు తనను తాను చల్లబరుచుకోలేదు. కృత్రిమ కాలు పెట్టుకున్నవాళ్లకు ఉక్కలో తొడుగు లోపల చెమట పట్టి, ఒరుసుకుని పుండ్లు పడతాయి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, ఇంకా కొన్ని రకాల మందులు వాడేవాళ్లు ఎండకు తొందరగా సొమ్మసిల్లుతారు. వీళ్లలో ఎవరికైనా గంజాం చలికాలం హాయిగానే ఉండవచ్చు, మే నెల మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. 1998 వేసవిలో వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేల మంది దాకా పోయారు. "వెచ్చని ఊరు" అన్న మాట వినగానే ఏడాది పొడుగునా ఉండిపోవాలని అనుకోకండి. మనకు కావలసింది నాలుగు నెలలు.

ఏ ఊరు?

గంజాంలో నాకు తెలిసినవి మూడు చోట్లు: గోపాలపురం, బరంపురం, పొలసర. మూడింటికీ మూడు రకాల మంచీ చెడూ.

గోపాలపురంలో జనవరి రాత్రుల్లో కూడా సాధారణంగా పదహారు, పదిహేడు డిగ్రీలుంటుంది, పగలు ఇరవై ఏడు దాకా వెళ్తుంది. ఒంటికి ఇంతకన్నా ఏం కావాలని మొదటి ఏడు అక్కడే దిగాను. నెల తిరక్కుండానే క్యాలిపర్ మోకాలి కీలు తుప్పు పట్టి కిర్రుమంది. ఉప్పుగాలి ఇనుముకు శత్రువు. చక్రాల కుర్చీ బేరింగులకూ అదే గతి. ఇసుకలోకి వెళ్తే ఊతకర్ర గుచ్చుకుపోతుంది, చక్రం కూరుకుపోతుంది. సముద్రం ఎదురుగా ఉంటుంది, దాని దగ్గరికి మాత్రం పోలేం. అక్కడ ఉండదలిస్తే రాత్రి పడుకునే ముందు ఇనుప భాగాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి నూనె వేయండి.

బరంపురంలో తెలుగువాళ్లకు పరాయితనం ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోనే ఉండేది. మాజీ రాష్ట్రపతి వి. వి. గిరి గారు పుట్టిన ఊరు ఇదే. బజారులో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. పెద్దాసుపత్రి, అంటే మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి, అక్కడే ఉంది. రైలు అక్కడే ఆగుతుంది. కానీ ఇరుకు వీధులు, మోటారు సైకిళ్లు, కాలవల మీద ఎగుడుదిగుడు పలకలు. నడక కోసం వచ్చినవాడు నడవడానికి భయపడే చోటు అది. మొదటిసారి వచ్చేవాళ్లకు, తరచూ డాక్టరు అవసరమయ్యేవాళ్లకు మాత్రం బరంపురమే చెబుతాను.

పొలసర లోపలికి ఉన్న చిన్న ఊరు. బరంపురం నుంచి రోడ్డు మీద గంటన్నర పైమాటే. సముద్రం దూరం కాబట్టి రాత్రులు గోపాలపురం కంటే చల్లగా ఉంటాయి, తెల్లవారి మంచు దిగుతుంది, వేసవి ఎండ ఇంకా తీవ్రం. అయినా నేను ఇక్కడే ఉండటానికి కారణం, ఊరు నా కాలికి సరిపోయే కొలతలో ఉంది. మందుల షాపు, టీ బడ్డీ, గుడి, వారపు సంత, అన్నీ నేను మధ్యలో ఒకసారి కూర్చుని లేచి చేరగలిగిన దూరంలో ఉన్నాయి. మీరు ఊరు ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రతల పట్టిక పక్కన ఈ లెక్క కూడా పెట్టండి: ఎవరి సాయమూ లేకుండా మీరు రోజూ వెళ్లగలిగే చోట్లు ఎన్ని?

ఎప్పుడు బయల్దేరాలి?

దసరాకి వద్దు. సెలవులు, పండగ, చుట్టాలు, అన్నీ లాగుతాయి. అయినా వద్దు. 1999లో అక్టోబరు 17న ఒక తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది, పన్నెండు రోజులకే మహా తుపాను పరదీప్ వైపు దాటింది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే. తిత్లీ 2018 అక్టోబరు 11న, కాస్త దక్షిణంగా. తుపానంటే గాలి వానే కాదు. రోజుల తరబడి కరెంటు ఉండదు, బ్యాటరీ కుర్చీ కదలదు, మోటారు ఆడక నీళ్లుండవు, చెట్లు పడి రోడ్డు మూసుకుంటుంది. పరుగెత్తగలిగినవాళ్లు ఆశ్రయ భవనానికి పరుగెడతారు. మనల్ని ఎవరో ఒకరు ఎత్తుకెళ్లాలి. కార్తీక పున్నమి వెళ్లాక రండి. తిరుగు ప్రయాణం హోలీ ముందే పెట్టుకోండి.

ఇల్లు: టేపు లేకుండా చూడవద్దు

ఇక్కడ నేను కాస్త ఎక్కువ చెబుతాను. చాలామంది తడబడేది ఇక్కడే.

మొదటి కొలత వీధి నుంచి గుమ్మం ఎత్తు. మన వీధుల్లో ఇళ్లకు ముందు అరుగు ఉంటుంది, ఒడియాలో పిండా అంటారు. సాయంత్రం కూర్చోడానికి అంత మంచి చోటు ఇంకోటి లేదు, ఎక్కగలిగితే. చక్రాల కుర్చీకి వాలు వేయాలంటే ఎత్తుకు పన్నెండింతల పొడవు కావాలి. అరడుగు ఎత్తుకు ఆరడుగుల వాలు. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగడుగులు! వీధే అంత వెడల్పు ఉండదు. ఇంటివాళ్లు మేస్త్రీని పిలిచి నాలుగడుగుల్లో నిటారుగా సిమెంటు పోయించి "ఇదిగోనండీ, మీకోసం ర్యాంపు" అంటారు. ప్రేమతో చేసిన పనే. దాని మీద నుంచి కుర్చీ వెనక్కి దొర్లితే తల పగులుతుంది. వీధి మట్టానికి ఉన్న ఇల్లు చూసుకోండి, లేదా అరుగు పొడవునా గోడ వెంట వాలు వేయడానికి ఒప్పుకునే ఇల్లు.

రెండోది తలుపు. 90 సెంటీమీటర్లు ఉంటే నిశ్చింత. వీధి తలుపు సరిపోతుంది, స్నానాల గది తలుపు సరిపోదు, ఎప్పుడూ అంతే. ఆ తలుపునే ముందు కొలవండి.

మూడోది గడప. పసుపు రాసి బొట్టు పెట్టిన గడపను తీసేయమని పెద్దవాళ్లను అడగలేం, అడగకూడదు కూడా. మార్గశిర గురువారాల్లో ఇక్కడి ఒడియా ఇళ్లలో తడి బియ్యప్పిండితో గడప దగ్గర ఝోటి వేస్తారు, లక్ష్మి అడుగులు దిద్దుతారు. దాని మీద చక్రం ఎక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు. వడ్రంగి చేత గడపకు అటూ ఇటూ పెట్టి తీసేసే చెక్క వాలు రెండు చేయించుకోండి. పూజ రోజు తీసి గోడకు ఆనించవచ్చు. నేనుండే ఇంట్లో నా చెక్కలు మా పిన్నిగారే తుడిచి పక్కన పెడుతుంది.

నాలుగోది మరుగుదొడ్డి. పెరట్లో ఉంటే ఆ ఇల్లు వద్దు. రాత్రి మంచులో, తడి నేల మీద, టార్చి నోట్లో పెట్టుకుని ఊతకర్రలతో పెరట్లోకి వెళ్లడం నేను ఒక వారం చేశాను, ఎనిమిదో రోజు పడ్డాను. లోపల నేలబారు దొడ్డి ఉంటే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. గోడకు పట్టుకునే కడ్డీ బిగించేటప్పుడు మీరు అక్కడ కూర్చుని, లేవబోయి, చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడ పెన్సిలు గీత పెట్టించండి. మేస్త్రీ అంచనాకు వదలవద్దు. తువ్వాలు వేసుకునే రాడ్డు కడ్డీ కాదు, మనిషి బరువుకు ఊడి చేతికొస్తుంది. నున్నటి టైల్సుంటే రబ్బరు చాపలు వేయండి.

నాలుగు నెలలకు అద్దె మాట్లాడుకోండి. కొనకండి.

కాగితాలు

వైకల్య గుర్తింపు కార్డు, యుడిఐడి, దేశమంతా చెల్లుతుంది. లేకపోతే మీరున్న జిల్లాలోనే తీసుకుని రండి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా సదుపాయాలకు కనీసం 40 శాతం ఉండాలి. పింఛను మాత్రం రాష్ట్రానిది, కార్డు వెంట నడిచిరాదు. ఆంధ్రలో పింఛను తీసుకునేవాళ్లు ఎన్ని నెలలు ఊళ్లో లేకపోతే ఆగిపోతుందో మీ ఊరి సచివాలయంలో అడిగి తేల్చుకున్నాకే బయల్దేరండి. ఒడిశాలో మధుబాబు పింఛను పథకం ఉంది, అది ఇక్కడి నివాసులకే. ఆరోగ్య బీమా కార్డు ఉంటే బరంపురంలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ఫోను చేసి కనుక్కోండి.

రైలుకు: తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వికలాంగులకు స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చే ఒకరికీ అంతే. దానికి రైల్వేవాళ్లిచ్చే వేరే కార్డు ముందే చేయించుకోవాలి. సికింద్రాబాదు వైపు నుంచి ఫలక్‌నుమా, కోణార్క్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు బరంపురం మీదుగా వెళ్తాయి. రైలు ఆగేది కొద్ది నిమిషాలే. ముందు స్టేషను దాటగానే సామాను తలుపు దగ్గరికి చేర్చండి. దింపుకోడానికి వచ్చే మనిషికి బోగీ నంబరు చెప్పి ఉంచండి.

వెంట తెచ్చుకోవలసినవి

నెలన్నరకు సరిపడా మందులు, వాటి అసలు పేర్ల చీటీ. పాత రిపోర్టులు. ఊతకర్ర అడుగున వేసే రబ్బరు బుడిపెలు కనీసం నాలుగు జతలు, ఇక్కడి గరుకు నేలకు తొందరగా అరుగుతాయి. దోమతెర. గాలి ట్యూబులున్న చక్రాల కుర్చీ అయితే పంచరు పడినప్పుడు ఊళ్లో సైకిలు షాపు అబ్బాయి వేసిపెడతాడు. క్యాలిపర్ బెల్టు తెగితే చెప్పులు కుట్టే అతను కుడతాడు. పెద్ద మరమ్మతుకు, కొత్త క్యాలిపర్‌కు, కృత్రిమ కాలు సరిచేయించడానికి కటక్ జిల్లా ఒలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. అంత దూరం ఒక్కరోజులో పోయి రావడం ఒంటికి భారం, ఒక రాత్రి అక్కడ ఉండేలా చూసుకోండి.

ఇంకో సామాను: మూడు ఒడియా మాటలు. గంజాం జనం మంచివాళ్లు. మనం ఊగుతుంటే చూసి ఆగలేరు, వెనక నుంచి వచ్చి చంకలో చెయ్యి వేసి ఎత్తేస్తారు. దాంతోనే మనం పడతాం. "టికే రుహంతు" అంటే కొంచెం ఆగండి. "ము నిజే ఉఠిబి" అంటే నేనే లేస్తాను. "ఏఇఠి ధరంతు" అంటే ఇక్కడ పట్టుకోండి. నవ్వుతూ చెప్పండి, భుజమో మోచెయ్యో చూపించండి. రెండు వారాల్లో వీధి వీధంతా నేర్చుకుంటుంది.

వచ్చాక మొదటి మూడు వారాలు

వెచ్చదనం తగలగానే ఒంట్లోకి ఉత్సాహం వస్తుంది. అదే ప్రమాదం. నేను మొదటి వారంలోనే సంతకు వెళ్లి వచ్చి, తర్వాత నాలుగు రోజులు లేవలేదు. పోలియో కండరాలను అరగదీస్తే తిరిగి రావు. నా లెక్క ఇది: ఈ రోజు చేసిన పని అలసట రేపు పొద్దున్నకు కూడా మిగిలి ఉంటే, రేపు అందులో సగమే. మిగలకపోతే ఎల్లుండి ఒక కరెంటు స్తంభం దూరం ఎక్కువ. స్తంభాలను లెక్కపెట్టడం ఫోన్లో అడుగులు లెక్కపెట్టడం కంటే నాకు నచ్చింది. స్తంభం దగ్గర ఆనుకోవచ్చు కూడా.

పొద్దున్నే పరుగుపెట్టకండి. మంచు ఆరి ఎండ నేల మీద పడ్డాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి బయల్దేరితే చాలు. అంతకుముందు మంచం మీదే కాళ్లూ చేతులూ కదిలించి, గోరువెచ్చని నీళ్లు పోసుకుంటే కీళ్లు వదులవుతాయి. స్పర్శ తెలియని కాళ్లున్నవాళ్లు నీళ్ల వేడిని మోచేత్తో చూసుకోండి. వేడినీళ్ల సంచీ కాలి మీద పెట్టుకుని నిద్రపోవద్దు, చర్మం కాలినా తెలియదు. ఇదే జాగ్రత్త తప్తపానికి వెళ్లేటప్పుడూ కావాలి. బరంపురానికి యాభై కిలోమీటర్ల దూరంలో అడవి అంచున ఉన్న ఆ గంధకపు ఊటనీళ్లలో కీళ్లనొప్పులవాళ్లు ఎంతో కాలంగా స్నానాలు చేస్తున్నారు. వేడినీళ్లలో ఉన్నంతసేపూ, తర్వాత కాసేపూ ఒళ్లు తేలికపడటం నిజం. జబ్బు పోతుందని మాత్రం వెళ్లకండి. మెట్లు తడిగా ఉంటాయి, ఒక్కరే వెళ్లకండి.

రోజుకో పని పెట్టుకోండి, వ్యాయామం పేరుతో కాకుండా. ఊరికే నడవమంటే ఎవరికీ బుద్ధి పుట్టదు. నాకు పాల ప్యాకెట్టు తేవడం అప్పజెప్పారు. ఇంట్లో కుర్రాళ్లున్నారు, సైకిలు మీద రెండు నిమిషాల్లో తెస్తారు. మా పిన్నిగారు వాళ్లను పంపదు. "నాన్నా, పాలు లేవు, టీ ఎలా పెట్టను" అంటుంది. నాకు రానూపోనూ నలభై నిమిషాలు. ఇంతవరకూ ఏ ఫిజియోథెరపిస్టూ నాకు ఇంత మంచి వైద్యం చేయలేదు.

ఫిబ్రవరి ఆఖరు వారం

పగటి ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక, ఇక్కడికి వచ్చాక కూడా రాస్తూ వచ్చిన నోటుపుస్తకం తీయండి. పాత ఊళ్లో ఆరు వారాలు, ఈ ఊళ్లో ఆరు వారాలు పక్కపక్కన పెట్టి గడప దాటిన రోజులు లెక్కవేయండి. తేడా లేకపోతే ఈ ఊరు మీది కాదు, ఇంకో ఊరు చూడండి, లేదా పాత ఇంట్లోనే మార్పులు చేయించుకోండి. తేడా ఉంటే వచ్చే ఏటికి అదే ఇల్లు చెప్పి ఉంచండి. రెండు చలికాలాలు, మధ్యలో ఒక ఎండాకాలం పది రోజులైనా ఉండి చూడకుండా పాత ఊళ్లో ఇల్లు అమ్మకండి. ఆ పది రోజులూ మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా నీడ దాటకుండా, ఇక్కడివాళ్లు తినే పఖాళ, అదే మన చద్దన్నం, తిని పడుకోవాలి.

వెళ్లేముందు చెక్క వాలులు, కమోడ్ కుర్చీ కడిగి ఎండలో ఆరబెట్టి, వానాకాలంలో చెదలు పట్టకుండా అటక మీద పెట్టించండి. కడ్డీ మరలు బిగించి చూడండి. అద్దె ఇల్లయితే కడ్డీ పీకేయవద్దని ఇంటివాళ్లతో చెప్పి రండి. మీరు తిరిగి వచ్చేలోపు ఆ ఇంటి ముసలమ్మకు అది పనికొస్తుంది.